కణుపు దగ్గర ఆగండి: హైదరాబాద్‌లో నాట్‌వీడ్ మొక్కలను గుర్తుపట్టి వర్గీకరించే పద్ధతి

పోయిన ఏడాది వానలు తగ్గాక మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. వెనక చెరువు అంచున, నడుమెత్తున, గులాబీ పూల కంకులతో గుంపుగా పెరిగిన మొక్కలు. ఫోన్‌లోని యాప్ దానికి జపనీస్ నాట్‌వీడ్ అని పేరు పెట్టిందట. ఇంకేముంది, పది నిమిషాల్లో నెట్‌లో ఉన్న భయాలన్నీ గ్రూపులోకి దిగాయి. కాంక్రీటును చీల్చుకుని వస్తుందట, ఇంగ్లండులో ఇది ఉన్న ఇంటికి లోన్ ఇవ్వరట, మరి మన సెల్లార్ సంగతేంటి అని ఒకటే టెన్షన్. సాయంత్రం చెప్పులు తడుపుకుంటూ వెళ్ళి చూశాను. నాట్‌వీడే. కానీ ఆ నాట్‌వీడ్ కాదు.

తేడా ఎలా తెలిసిందని అడిగిన వాళ్ళకు ఆ రోజు వివరంగా చెప్పలేకపోయాను. ఆ వివరమే ఇది. దీనికి బోటనీ డిగ్రీ అక్కర్లేదు. ఒక లెన్స్, ఒక బ్లేడు, రెండు మూడు ఆదివారాలు, కాస్త బురద ఓర్చుకునే ఓపిక ఉంటే చాలు.

ముందు పేరుతో వచ్చే తికమక తీరాలి

నాట్‌వీడ్ అనేది ఒక మొక్క పేరు కాదు, ఇంటిపేరు లాంటిది. నాట్ అంటే ముడి. ఇక్కడ ముడి అంటే చెరకుగడకు ఉండేలాంటి కణుపు. ఈ మొక్కల కుటుంబాన్ని శాస్త్రజ్ఞులు పాలిగోనేసి అంటారు. గ్రీకులో పాలి అంటే అనేకం, గోను అంటే మోకాలు. ముడి కన్నా ఈ మోకాలి పోలికే నాకు నచ్చుతుంది. చెరువు ఒడ్డున వాలిపోయిన కాండం కణుపు దగ్గర మోకాలు మడిచినట్టు వంగి మళ్ళీ పైకి లేవడం చూస్తే మీకూ అదే గుర్తొస్తుంది.

ఈ కుటుంబంలో దాదాపు 50 ప్రజాతులు (దగ్గరి జాతుల గుంపులు), 1,200 జాతులు ఉన్నాయి. దీని పై మెట్టు కారియోఫిల్లేల్స్ అనే క్రమం. తోటకూర, పాలకూర, గంగవాయిలి కూర, బోగన్‌విల్లియా, నాగజెముడు అన్నీ ఆ క్రమంలోవే. అంటే మన కూరల బుట్టలో సగం ఈ మొక్కలకు దూరపు చుట్టాలు. దగ్గరి చుట్టం కూడా ఒకటి ఆ బుట్టలోనే ఉంది. మన పాఠం దానితోనే మొదలవుతుంది.

మొదటి మెట్టు: చెరువుకు కాదు, కూరగాయల బండి దగ్గరికి

ఎర్రగడ్డ రైతుబజారో, మెహదీపట్నం రైతుబజారో, మీ గల్లీలోకి వచ్చే బండో, ఎక్కడైనా సరే ఒక చుక్కకూర కట్ట కొనండి. వేర్లతో ఉన్నది అడగండి. నేను అడిగితే కూర అమ్మే పెద్దమ్మ వింతగా చూసింది. "వేర్లు ఏం జేస్కుంటవ్ బిడ్డా, పప్పుల ఏస్తవా?" అంది. చూడ్డానికని చెప్పినా నమ్మలేదు గానీ, కింద పడ్డ నాలుగు మొక్కలు ఊరికే ఇచ్చింది.

చుక్కకూర శాస్త్రీయ నామం రూమెక్స్ వెసికేరియస్. ఇది అచ్చమైన పాలిగోనేసి మొక్క. ఇప్పుడు ఒక మొక్క తీసుకుని ఆకు కాడ కాండాన్ని అంటుకున్న చోట చూడండి. అక్కడ కాండం చుట్టూ ఉల్లిపొర లాంటి పల్చటి పొర ఉంటుంది. ముదిరిన చోట చిరిగి గోధుమరంగుకు తిరుగుతుంది. లేత చోట గొట్టంలా కాండాన్ని చుట్టుకుని ఉంటుంది. గోరుతో మెల్లగా లాగితే ఊడొస్తుంది.

ఈ వ్యాసం మొత్తంలో ఒక్క విషయమే గుర్తుంటుందంటే ఈ పొరే గుర్తుండాలి. దీన్ని ఓక్రియా అంటారు. ఆకు కాడ మొదట్లో రెండు పత్రపుచ్ఛాలు, అంటే చిన్న ఆకు రేకుల్లాంటివి, ఉండే మొక్కలు మనకు తెలుసు. మందారానికి చూడొచ్చు. పాలిగోనేసిలో ఆ రెండూ కలిసిపోయి కాండం చుట్టూ గొట్టంగా మారాయి. ఇంటర్‌లో బైపీసీ చదివిన వాళ్ళకు ఓక్రియేట్ పత్రపుచ్ఛాలు, ఉదాహరణ పాలిగోనమ్ అని బట్టీ పట్టిన లైను గుర్తొచ్చే ఉంటుంది. నేనూ ఆ లైను రాసి మార్కు తెచ్చుకున్నవాణ్ణే. అది రోజూ పప్పులో వేసుకునే కూరకు ఉంటుందని పదిహేనేళ్ళ తర్వాత తెలిసింది.

ఇకపై దాన్ని తొడుగు అంటాను. తెలుగులో నోటికి సులువు.

చుక్కకూర పులుపు ఆక్సాలిక్ ఆమ్లం వల్ల. కిడ్నీలో రాళ్ళు వచ్చిన వాళ్ళను ఇలాంటి ఆకుకూరలు తగ్గించమని డాక్టర్లు చెప్పేది అందుకే. గోంగూర కూడా పుల్లగానే ఉంటుంది కానీ అది మందార కుటుంబం, దీనికి ఏమీ కాదు. నాలుకను నమ్మి వర్గీకరిస్తే ఇలాగే పప్పులో కాలేస్తాం.

రెండో మెట్టు: సామాను, సమయం, చోటు

పది రెట్లు పెద్దగా చూపించే చేతి లెన్స్ ఒకటి కొనండి. కోఠీ, ఆబిడ్స్ వైపు ల్యాబ్ సామాను అమ్మే షాపుల్లో అడగండి. ఫోన్ కెమెరా జూమ్ దీనికి బదులు కాదు. తొడుగు అంచున ఉండే వెంట్రుకలు ఫొటోలో కలిసిపోతాయి. కొత్త బ్లేడు, చిన్న స్టీలు స్కేలు, పాత దినపత్రికలు, జిప్ కవర్లు, పెన్సిలు, నోటుబుక్కు. పెన్ను వద్దు, తడి తగిలితే అక్షరాలు కారిపోతాయి.

ఏ నెలలో వెళ్ళాలన్నది ఏ మొక్క కావాలన్న దాన్ని బట్టి ఉంటుంది. నీటి అంచున నిలబడి పెరిగే పొడవాటి రకాలకు వానలు తగ్గాక, అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి సమయం. నేలకు అతుక్కుని పాకే చిన్న రకానికి చలికాలం చివర్లో, చెరువు నీళ్ళు వెనక్కి తగ్గి, ఎండిన ఒండ్రు పగుళ్ళిచ్చినప్పుడు వెళ్ళాలి. ఎఫ్‌టీఎల్ రాళ్ళకు (చెరువు పూర్తిగా నిండినప్పటి హద్దురాళ్ళకు) లోపల, నీటికి బయట ఉండే ఆ పట్టీయే దాని అడ్డా.

శామీర్‌పేట, హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ అంచులు, నగరం లోపలి చిన్న చెరువులు ఏవైనా సరిపోతాయి. అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. అక్కడ చూడండి, ఫొటో తీయండి, తెంపకండి. మూసీ ఒడ్డున కూడా ఈ మొక్కలు ఏపుగా ఉంటాయి. కానీ ఆ నీళ్ళలో చేతులు పెట్టేటప్పుడు గ్లౌజులు వేసుకోండి, ఒంటరిగా దిగకండి. గడ్డిలో పాములుంటాయి. ఒక కర్రతో ముందు తట్టుకుంటూ నడవడం మేలు.

మూడో మెట్టు: కుటుంబం తేల్చడం

మొక్క దగ్గరికి వెళ్ళగానే కళ్ళు పువ్వు మీదికి పోతాయి. పోనివ్వకండి. పూలు తర్వాత. ముందు కాండం మధ్యలో ఒక కణుపును పట్టుకోండి. మరీ లేత కొస వద్దు, మరీ ముదిరిన మొదలు వద్దు. మూడు ప్రశ్నలు వేసుకోండి.

కణుపుకు ఒక్క ఆకేనా, ఎదురెదురుగా రెండా? నాట్‌వీడ్‌లకు ఒక్కటే ఉంటుంది, మార్చి మార్చి వస్తుంది. ఆకు కాడకు పైన కాండాన్ని చుట్టుకుని గొట్టం లాంటి తొడుగు ఉందా? ఆకుకు నడి ఈనె ఉండి దాని నుంచి పక్క ఈనెలు చీలుతున్నాయా? మూడింటికీ జవాబు సరిపోతే మీ చేతిలో ఉన్నది పాలిగోనేసి మొక్క అని దాదాపు ఖాయం.

మన చెరువుల దగ్గర మోసం చేసేవి కొన్ని ఉన్నాయి. పొన్నగంటి కూర, దాని బంధువైన ఎలిగేటర్ వీడ్ కూడా నీటి అంచున పాకుతాయి, కణుపులు ఉబ్బి ఉంటాయి. కానీ వాటి ఆకులు జంటగా ఎదురెదురుగా ఉంటాయి, తొడుగు ఉండదు. నీలి పూల వెన్నదేవి కూరకు తొడుగు ఉంటుంది. అయితే అది ఆకు అడుగుభాగమే కాండాన్ని చుట్టుకోవడం, విడిగా ఉన్న పొర కాదు. పైగా ఆకు ఈనెలు గడ్డికి ఉన్నట్టు సమాంతరంగా నడుస్తాయి.

అందరినీ ఎక్కువగా బోల్తా కొట్టించేది గునుగు. అవును, బతుకమ్మలో పేర్చే గునుగు పువ్వే. బతుకమ్మ రోజుల్లోనే చెరువు గట్ల మీద గులాబీ, తెలుపు కంకులతో నిలబడి ఉంటుంది. దూరం నుంచి చూస్తే నీటి అంచున పెరిగే నాట్‌వీడ్ కంకులకూ దీనికీ తేడా తెలియదు. దగ్గరికెళ్ళి కణుపు చూడండి. గునుగుకు తొడుగు లేదు. కంకిని వేళ్ళతో నలిపితే ఎండు కాగితంలా గరగరలాడుతుంది. గునుగు తోటకూర కుటుంబం. ఇదే క్రమంలోది కాబట్టి దూరపు పోలిక ఉంటే ఉండొచ్చు గాక.

నాలుగో మెట్టు: ప్రజాతి తేల్చడం

కుటుంబం తేలాక అది ఏ ప్రజాతో చూడాలి. హైదరాబాద్‌లో చేతికందేవి నాలుగే కాబట్టి ఇది అనుకున్నంత కష్టం కాదు.

తీగలా పాకుతూ, హృదయాకారపు ఆకులతో, గులాబీ గుత్తులతో కాంపౌండ్ గోడలను కప్పేసిందా? అది యాంటిగోనన్ లెప్టోపస్. మెక్సికో నుంచి వచ్చిన అలంకరణ తీగ. పూలగుత్తి చివర నులితీగలుగా మారి దేన్ని పడితే దాన్ని చుట్టుకుంటుంది. దీనితో ఒక చిక్కుంది. తొడుగు ఇందులో కుంచించుకుపోయి కణుపు దగ్గర ఒక సన్నటి గీతలా మిగిలింది. పైన చెప్పిన పరీక్ష దీని దగ్గర తప్పుతుంది. కాబట్టి ఈ ఒక్కదాన్ని మాత్రం పువ్వును బట్టి పట్టుకోవాలి. అయిదు గులాబీ రేకుల్లో బయటి మూడు వెడల్పుగా, లోపలి రెండు సన్నగా ఉంటాయి. కేసరాలు ఎనిమిది.

తీగ కాదు. ఆకు పుల్లగా ఉండే చుక్కకూర తీరు మొక్క, ఆకుపచ్చటి చిన్న పూలు అంతస్తులుగా వేలాడుతున్నాయా? అది రూమెక్స్. దీని పూలకు రేకులు ఆరు, మూడు బయట, మూడు లోపల. గాలికి పరాగం ఎగరేసే మొక్క కాబట్టి రంగూ హంగూ ఉండవు, కీలాగ్రాలు, అంటే పరాగాన్ని పట్టుకునే కొసలు, చిన్న కుంచెల్లా చీలి ఉంటాయి. కాయ పండేటప్పుడు లోపలి మూడు రేకులు పెరిగి గింజను కప్పేస్తాయి. చుక్కకూరలో అవి పల్చటి గులాబీ రంగు బుడగల్లా ఉబ్బి, వల అల్లినట్టు ఈనెలతో చాలా అందంగా ఉంటాయి. వెసికేరియస్ అంటే బుడగ లాంటిదని అర్థం. కుండీలో రెండు మొక్కలు కోయకుండా పూతకు వదిలేయండి, మీకే కనిపిస్తుంది. అడవి రూమెక్స్‌లలో డెంటాటస్ అనే దానికి అవే రేకుల అంచున పళ్ళు ఉంటాయి.

మిగిలినవి రెండు, పర్సికేరియా, పాలిగోనమ్. పూలు కొమ్మ కొసన కంకిగా వస్తే పర్సికేరియా. కంకి లేకుండా, ప్రతి ఆకు చంకలో రెండు మూడు చిన్న పూలు దాక్కుని ఉంటే పాలిగోనమ్. పర్సికేరియా ఆకులు పొడవుగా, కోలగా, పీచ్ చెట్టు ఆకులను పోలి ఉంటాయి, ఆ పేరు అక్కడి నుంచే వచ్చింది. పాలిగోనమ్ ఆకులు బాగా చిన్నవి, తొడుగు వెండిలా తెల్లగా మెరుస్తూ ఉంటుంది.

అయిదో మెట్టు: పర్సికేరియాల మధ్య తేడా

అసలు పని ఇక్కడే ఉంది. మన చెరువుల దగ్గర దొరికేవాటిలో ఎక్కువ భాగం పర్సికేరియాలే, అన్నీ ఒకదానికొకటి కవల పిల్లల్లా ఉంటాయి. పువ్వు రంగును నమ్మకండి. ఒకే గుంపులో తెలుపు నుంచి గులాబీ దాకా కనిపిస్తుంది. ఆకు పొడవునూ నమ్మకండి. నీళ్ళలో ఉన్నదానికి ఒక కొలత, గట్టు మీద ఉన్నదానికి ఇంకో కొలత. మళ్ళీ తొడుగు దగ్గరికే రావాలి. ఈసారి తొడుగు ఉందా లేదా అని కాదు, దాని పై అంచు ఎలా ఉందో చూడాలి.

లెన్స్ కంటికి ఆనించి, కణుపును లెన్స్ దగ్గరికి తెచ్చి చూడండి. చాలామంది లెన్స్‌ను మొక్క దగ్గర పెట్టి తల దూరంగా ఉంచుతారు, అప్పుడు ఏమీ కనబడదు.

తొడుగు అంచు కత్తెరతో కోసినట్టు నున్నగా, వెంట్రుకలేమీ లేకుండా ఉంటే అది పర్సికేరియా గ్లాబ్రా. గ్లాబ్రా అంటేనే నున్ననిది. కాండం మందంగా, చాలాసార్లు ఎర్రటి ఛాయతో, మనిషి ఎత్తు దాకా పెరుగుతుంది. గన్నేరు ఆకును పోలిన పొడవాటి ఆకులు, నీళ్ళలో కాపురం. నేను దీన్ని నీరుగన్నేరు అనే పిలుచుకుంటాను. మా గ్రూపును వణికించింది ఇదే. హైదరాబాద్‌లో నాట్‌వీడ్ చూశామని ఎవరైనా అంటే ముందు దీన్నే అనుమానిస్తాను.

అంచున పొడవాటి గట్టి వెంట్రుకలు గడ్డంలా నిలబడి ఉంటే పర్సికేరియా బార్బేటా. ఆ వెంట్రుకలు ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్ల దాకా ఉంటాయి, లెన్స్ లేకుండానే కనిపిస్తాయి. తొడుగు ఒంటి నిండా కూడా నూగు ఉంటుంది. పూలు ఎక్కువగా తెల్లవి. బార్బేటా అంటే గడ్డం ఉన్నదని. నున్నటి గడ్డం, మాసిన గడ్డం అని గుర్తుపెట్టుకుంటే ఈ రెంటికీ ఎప్పటికీ పొరపాటు రాదు.

అనుమానం మిగిలితే గింజ చూడండి. ఎండిన పువ్వును అరచేతిలో నలిపితే నల్లటి మెరిసే గింజ బయటికొస్తుంది. గ్లాబ్రా గింజ పప్పుబద్దలా రెండు వైపులా ఉబ్బి చదునుగా ఉంటుంది. బార్బేటా గింజ మూడు పలకలుగా ఉంటుంది. కారణం పువ్వులోనే ఉంది. గ్లాబ్రాకు కీలాలు (పువ్వు మధ్యలో కీలాగ్రాలను మోసే సన్నటి కాడలు) రెండు, బార్బేటాకు మూడు. కీలాలు ఎన్నో గింజకు పలకలు దాదాపు అన్ని. బ్లేడుతో పువ్వును నిలువుగా చీల్చి లెన్స్‌తో చూస్తే కీలాలు లెక్కపెట్టొచ్చు. మొదటిసారి నాకు అయిదు పువ్వులు చెడ్డాయి, ఆరోది కుదిరింది.

ఇంకా మూడు రకాలు తెలుసుకుని ఉంటే మంచిది. తొడుగు అంచు పై భాగం ఆకుపచ్చగా మారి చొక్కా కాలరులా బయటికి విచ్చుకుంటే పర్సికేరియా లింబేటా. కంకి బరువుకు వంగి వేలాడుతూ, లెన్స్‌లో బయటి రేకుల ఈనెలు కొసన లంగరులా చీలి కనిపిస్తే లాపతిఫోలియా. సన్నటి వంగిన కంకులు, రేకుల మీద సూదితో పొడిచినట్టు గ్రంథుల చుక్కలు ఉంటే హైడ్రోపైపర్, అంటే నీటి మిరియం. దాని ఆకు నమిలితే మిరియంలా మండుతుంది, పాలిగోడియల్ అనే రసాయనం వల్ల. పుస్తకాల్లో రుచి చూసి గుర్తుపట్టమని రాస్తారు. నగరపు చెరువుల్లో ఆ పని అస్సలు చేయకండి. ఏ డ్రైనేజీ ఎక్కడ కలుస్తుందో మనకు తెలిసిందే. చుక్కలు చూస్తే చాలు.

హైడ్రోపైపర్‌లో ఒక తమాషా ఉంది. కింది కణుపుల దగ్గర తొడుగును చీల్చి చూస్తే లోపల పువ్వులు ఉంటాయి. అవి విచ్చుకోవు, తేనెటీగ మొహం చూడవు, లోపల్లోపలే గింజ కట్టేస్తాయి.

ఆరో మెట్టు: నేల మీద వెతకాల్సిన పాలిగోనమ్

చలికాలం చివర్లో ఎండిన చెరువు అంచున కూర్చోండి, నిలబడి వెతికితే దొరకదు. చాపలా నేలకు అతుక్కుని, చుట్టూ కొమ్మలు పరిచిన మొక్క పాలిగోనమ్ ప్లెబీయం. ఆకు సెంటీమీటరు అటూఇటూ, సన్నగా. కణుపు కణుపుకూ తెల్లటి పారదర్శకమైన తొడుగు, ఈనెలు కనిపించవు, అంచు చీలికలు పేలికలుగా ఉంటుంది. పూలు ఆవగింజంత, గులాబీ తెలుపు కలిసి. కేసరాలు అయిదు. గింజ మూడు పలకలు, నల్లగా మెరుస్తుంది.

దీనికి పెద్దన్న పాలిగోనమ్ అవికులేర్ అని చల్లటి దేశాల్లో దారుల పక్కన పెరిగే కలుపు. అక్కడి పుస్తకాల్లో మామూలు నాట్‌వీడ్ అంటే అదే. దాని తొడుగుకు ఈనెలు స్పష్టంగా ఉంటాయి, కేసరాలు సాధారణంగా ఎనిమిది. ఇంగ్లిష్ సైట్‌లలో ఫొటోలు పోల్చుకునేటప్పుడు ఈ తేడా చూసుకోండి.

వర్గీకరణలో చుట్టరికాలు

1753లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ పాలిగోనమ్ అనే పేరు పెట్టినప్పుడు అది ఒక పెద్ద గంప. ఇప్పటి పర్సికేరియాలు, కుట్టు (బక్‌వీట్) పిండి ఇచ్చే మొక్క, తీగలు అన్నీ అందులోనే. మరుసటి ఏడాదే ఇంగ్లండు తోటల నిపుణుడు ఫిలిప్ మిల్లర్ పర్సికేరియానూ, ఆ కుట్టు మొక్క ఫాగోపైరంనూ వేరు చేశాడు. అయినా చాలామంది పాత గంపనే వాడుతూ వచ్చారు. అందుకే మన కాలేజీల పాత హెర్బేరియం షీట్ల (ఎండబెట్టిన మొక్కలు అంటించి దాచిన కాగితాల) మీద పాలిగోనమ్ గ్లాబ్రం అని కనిపిస్తుంది. అదీ ఇప్పటి పర్సికేరియా గ్లాబ్రా ఒకటే. పాత పుస్తకం తప్పని కొట్టేయకండి, రెండు పేర్లూ నోట్స్‌లో రాసుకోండి.

డీఎన్ఏ పోల్చడం మొదలయ్యాక ఈ విడదీత ఖాయమైంది. కుటుంబం లోపలి చిన్న గుంపును తెగ అంటారు. పర్సికేరియా ఒక తెగ, పాలిగోనమ్ ఇంకో తెగ, రూమెక్స్ మూడోది. మరి జపనీస్ నాట్‌వీడ్? దాని పేరు రైనౌట్రియా జపానికా, ఉన్నది పాలిగోనమ్ తెగలో. అంటే ఆ మూడు మీటర్ల రాకాసికి దగ్గరి చుట్టం మా చెరువులోని నడుమెత్తు నీరుగన్నేరు కాదు, నేలకు అతుక్కున్న ఆ ఆవగింజ పూల ప్లెబీయం. పోలికలు చూసి చుట్టరికం కలిపితే ఎంత దూరం పోతామో చూడండి.

బైపీసీ వాళ్ళకు ఇంకో ముచ్చట. పాలిగోనమ్ రకం పిండకోశం (గింజ కాబోయే భాగంలో అండకణం ఉండే సంచి), ఏడు కణాలు, ఎనిమిది కేంద్రకాలు అని బొమ్మ వేసి భాగాలు గుర్తించాం కదా. దాన్ని వృక్షశాస్త్రజ్ఞుడు స్ట్రాస్‌బర్గర్ 1879లో పాలిగోనమ్ డైవారికేటం అనే మొక్కలో వర్ణించాడు. ఆ మొక్కను ఇప్పుడు కోనిగియా అనే ప్రజాతిలోకి మార్చారు. పాలిగోనమ్ రకానికి పేరిచ్చిన మొక్కే పాలిగోనమ్ కాకుండా పోయింది. పరీక్షలో మాత్రం పాత పేరే రాయండి.

వంటింటి వైపు రెండు నమూనాలు చూసి ముందుకు పోదాం. నవరాత్రి ఉపవాసాలకు ఉత్తరాది వాళ్ళు వాడే కుట్టు పిండి ఫాగోపైరం గింజలది. పొట్టుతో ఉన్న కుట్టు గింజలు దొరికితే చూడండి, చక్కగా మూడు పలకలు. గోధుమకూ దీనికీ సంబంధం లేదు కాబట్టే ధాన్యం తినని రోజు తింటారు. యునానీ మందుల షాపులో రేవంద్ చీనీ అడిగితే ఇచ్చే పసుపు ముక్కలు రియం వేర్లు, అవీ ఈ కుటుంబానివే.

మరి ఆ జపనీస్ నాట్‌వీడ్ సంగతి?

గుర్తులు రాసిపెట్టుకోండి, యాప్ మళ్ళీ భయపెడితే పనికొస్తాయి. వెదురులా బోలుగా ఉండి ఎర్రటి మచ్చలున్న కాండం, అరచేయంత వెడల్పు ఆకు, ఆకు మొదలు అడ్డంగా కోసేసినట్టు సమంగా ఉండటం, ఆకు చంకల్లో చిన్న తెల్ల పూల గుత్తులు, కాయకు రెక్కలు. నీరుగన్నేరు ఆకు సన్నగా కోలగా ఉంటుంది, కాయకు రెక్కలు ఉండవు. ఈ ఒక్క తేడా చాలు. ఆ మొక్క పుట్టిల్లు జపాన్, చైనా, కొరియాలు. చలికి పైభాగం చచ్చిపోయి, వసంతంలో భూమిలోని దుంపకాండం నుంచి మళ్ళీ లేస్తుంది. నేను హైదరాబాద్‌లో ఇప్పటిదాకా దాన్ని చూడలేదు.

19వ శతాబ్దం నడుమ సీబోల్డ్ అనే జర్మన్ వైద్యుడు దాన్ని జపాన్ నుంచి నెదర్లాండ్స్‌కు తెచ్చి తోట మొక్కగా అమ్మాడు. 1850లో అది లండన్ క్యూ తోటకు చేరింది. బ్రిటన్‌లో ఇప్పుడున్నదంతా దాదాపు ఒకే ఆడ మొక్క నకళ్ళు. గింజలతో కాదు, గ్రాము కన్నా తక్కువ బరువున్న దుంపకాండం ముక్కతోనే కొత్త మొక్క లేస్తుంది. మట్టి లారీల్లో ఆ ముక్కలు ఊరూరా తిరిగాయి. 1981 నాటి వన్యప్రాణి చట్టం కింద దాన్ని అక్కడ ఆరుబయట ప్రకృతిలో నాటడం నేరం. బ్యాంకులు ఆ మొక్క ఉన్న స్థలం మీద లోన్ ఇచ్చేటప్పుడు నిర్మూలన ప్లాను అడగడం నిజమే. గట్టి కాంక్రీటును మాత్రం అది పగలగొట్టదు, అప్పటికే ఉన్న బీటల్లోంచి దూరుతుంది.

చివరి మెట్టు: నమూనా దాచుకోవడం

తెంపడానికి ఇబ్బంది లేని చోట ఒక్క కొమ్మ తీసుకోండి. కనీసం మూడు కణుపులు, ఒక కంకి, వీలైతే గింజలు ఉండాలి. నా మొదటి నమూనా ఎందుకూ పనికి రాలేదు. కంకి అందంగా ఉందని పై భాగమే తుంచుకొచ్చాను, అందులో ఒక్క మంచి తొడుగు లేదు. రెండోది బూజుపట్టి నల్లబడింది. ఈ కాండాల నిండా నీరే. బ్లేడుతో కాండాన్ని నిలువుగా చీల్చి సగం తీసేసి, దినపత్రికల మధ్య పెట్టి పైన బరువు ఉంచాలి. మొదటి నాలుగు రోజులు రోజూ కాగితం మార్చాలి. బద్ధకిస్తే అంతే సంగతులు.

ఎండాక కనిపించకుండా పోయేవి ముందే రాసుకోండి. పువ్వు అసలు రంగు, మొక్క ఎత్తు, నీళ్ళలో ఉందా ఒడ్డున ఉందా, కాండం ఎరుపా పచ్చా. తేదీ, చెరువు పేరు, తెంపిన వాళ్ళ పేరు లేని షీటు కూరాకుతో సమానం. పేరు తేల్చలేకపోతే ప్రజాతి దాకా రాసి జాతి చోటు ఖాళీగా వదిలేయండి. ఉస్మానియా యూనివర్సిటీ బోటనీ విభాగంలో హెర్బేరియం ఉంది, బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్కన్ కేంద్రం కూడా ఈ ఊళ్ళోనే ఉంది. ముందుగా అనుమతి అడిగి, మీ షీటును వాళ్ళ షీట్లతో పోల్చుకోండి.

ఆ సాయంత్రం గ్రూపులో నేను రెండు ఫొటోలు పెట్టాను. ఒకటి చెరువులోని నీరుగన్నేరు కణుపు, నున్నటి అంచున్న తొడుగుతో. కింద పర్సికేరియా గ్లాబ్రా, మన దేశపు మొక్కే, బాతులు దీని గింజలు తింటాయి, ఉండనివ్వండి అని రాశాను. రెండోది మా గోడ మీద అందరూ ముచ్చటపడి పాకించుకున్న గులాబీ రంగు పూల తీగ, అదే యాంటిగోనన్. ఎన్నిసార్లు కోసినా భూమిలోని దుంపల నుంచి మళ్ళీ లేచేది, పక్కనున్న వేప చెట్టును ఇప్పటికే సగం కప్పేసింది అదే, పీకాలనుంటే దీన్ని దుంపతో సహా పీకండి అన్నాను. పైఅంతస్తు ఆంటీ వెంటనే జవాబిచ్చారు: "అది మాత్రం ముట్టుకోకు బాబూ, సెల్ఫీలకు బాగుంటుంది."